తెల్లకోడి కూత

వ్యాసర్పాడి గంగమ్మ గుడి వీధివాళ్ళు మొక్కుపుంజుకిచ్చే మర్యాద కొత్తల్లుడికి కూడా ఇవ్వరు. ఏడాది పొడుగునా తమ కంచంలో మెతుకులు తీసి దాన్ని మేపుతారు, పేరు పెట్టి పిలుస్తారు, పిల్లల్ని దాని జోలికి పోనివ్వరు. అరవవాళ్ళ ఆషాఢమైన ఆడి నెల మూడో ఆదివారం అమ్మవారికి అంబలి పోసే రోజున గుడిముందుకు తెస్తారు. తెచ్చినంత మాత్రాన కత్తి ఎత్తడానికి లేదు. ఆ పుంజు అప్పటికే కూత కూసి ఉండాలి. కూయనిది పిల్ల కింద లెక్క, పిల్లను అమ్మవారు ముట్టదు. ఆ పైన పూజారి పసుపునీళ్ళు చల్లితే అది ఒళ్ళు జాడించి తల విదిలించాలి. విదిలిస్తే అమ్మవారూ ఒప్పుకున్నట్టు, కోడీ ఒప్పుకున్నట్టు. విదిలించకపోతే ఎంత గొప్పవాడి మొక్కైనా సరే, పుంజును చంకన పెట్టుకుని ఇంటిదారి పట్టవలసిందే.

ఇంత పట్టింపు ఉన్న వీధిలోంచే పుష్పవల్లి రోజూ పొద్దున ఆరింటికి బయల్దేరి కృష్ణన్ చికెన్ స్టాల్‌కు పోయి కోళ్ళు కోసేది. మామూలు రోజు ఎనభై, ఆదివారమైతే రెండు వందలు. అక్కడ పసుపునీళ్ళూ లేవు, ఒప్పుకోవడాలూ లేవు. బోనులోంచి తీయడం, గొంతు మీద ఒక్క గీత, నీలం డ్రమ్ములో పడేయడం, లోపల దడదడ ఆగాక తోలు వలవడం. ఆ పని గురించి ఆమెకు గానీ వీధికి గానీ ఎన్నడూ పేచీ రాలేదు. అవి ఫారం కోళ్ళు. వాటిని కోళ్ళ కింద ఎవరు లెక్కేశారు గనక?

ఊరి పేరు మద్రాసు పోయి చెన్నై అయిన మరుసటి ఏడు జరిగిందిది. ఆడి నెల ఇంకా పుట్టలేదు. ఆ వారం లారీలో వచ్చిన బోనుల్లో చచ్చిన కోళ్ళు ఎక్కువగా కనబడ్డాయి. బతికున్నవాటిలో కొన్ని మెడలు మెలితిప్పుకుని, నోరు తెరుచుకుని గురగురమంటున్నాయి. "ఎండ దెబ్బ," అన్నాడు లారీ డ్రైవరు. కృష్ణన్ చచ్చినవాటిని ఓ పక్కన వేయించి, మిగిలినవాటిని తక్కెడ ఎక్కించాడు.

సాయంత్రం కొట్టు కట్టేసే వేళకు బోనులో ఒక్కటి మిగిలింది. ఎడమకాలు పక్కకు తిరిగిపోయి, రొమ్ము నేలకు ఆనించి కూచున్న కోడి. ఒంటి బరువుకే ఆ కాలు లొంగిపోయింది. కుంటికోడిని ఎవరూ కొనలేదు.

"దాన్నీ కొట్టేసి పో పుష్పా," అన్నాడు కృష్ణన్.

పుష్పవల్లి దాన్ని తీసి మెడ చేతిలోకి తీసుకుంది. అది గింజుకోలేదు. ఆమె అరచేతిలో తల వాల్చి కళ్ళు మూసింది. చావు భయంతో కాదు, నిద్రొచ్చి. ఎవరి చేతిలో ఉన్నానన్న ఎరుక లేకుండా అది నిమ్మళంగా నిద్రపోయింది. నాలుగేళ్ళుగా మొరాయించని చెయ్యి ఆ పూట మొరాయించింది. జాలి అనేది లెక్కప్రకారం వచ్చేదైతే ఆ కొట్లో రోజుకు ఎనభైసార్లు రావాలి. రాలేదు, ఆ ఒక్కసారి వచ్చింది, అంతే.

"ఇంటికి తీసుకుపోతానన్నా," అంది.

"తీసుకుపో. కానీ రేపే వండేసుకో. నలభై అయిదు రోజులకు కోయకపోతే వాటికి గుండె ఆగిపోతాదంట, ఫారమోళ్ళు చెప్పినారు," అన్నాడు కృష్ణన్.

ఆమె దాన్ని వైరు బుట్టలో పెట్టుకుని ఇల్లు చేరింది. తిన్నగా ఇంట్లోకి పోయినా బాగుండేది. పోలేదు. ఎదురింటి పాప్పాత్తి దగ్గరికి పోయింది.

పాప్పాత్తికి డెబ్బై దాటాయి. వీధి మొత్తానికి అవ్వ. పన్నెండు నాటుకోళ్ళు ఆమె సంసారం. వాటి గుడ్లు బాలింతలకూ, జ్వరం పడి లేచినవాళ్ళకూ ఇచ్చి ఆ వచ్చినదాంతో బతికేది. నలభై ఏళ్ళుగా గుడిముందు మొదటి అంబలి కుండ దించేది ఆమే. పుష్పవల్లి మొగుడు రైల్వే యార్డులో బస్తా మోస్తూ కుప్పకూలి చనిపోయిన ఏడు, అవ్వ తొలి గరిటె ఆమె చెంబులో పోసి, "ఇంకమీదట నీకు పోసినాకనే ఎవరికైనా," అంది. ఆనాటి నుంచి ప్రతి ఏడూ అలాగే పోస్తోంది.

"రెండు దినాలు నీ గూట్లో పెట్టుకో అవ్వా. మా ఇంట్లో పందికొక్కులు తిరగతా ఉండాయి," అంది పుష్పవల్లి.

అవ్వ కోడిని అటూ ఇటూ తిప్పి చూసింది. "పుంజే. ఇదేందే వల్లీ, కోడికి కోడి వాసన లేదు, ఆసుపత్రి వాసన వస్తా ఉండాది."

"డాక్టర్లు సూదులేసి పెంచిన కోడవ్వా. దీనికి రోగం రమ్మన్నా రాదు."

ఇది పుష్పవల్లి కల్పించిన మాట కాదు. వీధిలో అందరి నమ్మకమూ అదే. ఫారం కోడికి రుచి ఉండదు, ఎముకలో పస ఉండదు, సూదుల పుణ్యమా అని జబ్బు మాత్రం ఉండదు. అవ్వ సరేనని దాన్ని తన కోళ్ళ మధ్యకు తోసింది. మూడోనాడే తెచ్చి ఇచ్చేసింది.

"కర్ర ఎక్కలేదు, మట్టి గీరలేదు. నూకలేస్తే ఇవేందని చూస్తాది. నా కోళ్ళు దీన్ని పొడిచి చంపేస్తాయి. ఈడనే గంప కింద పెట్టుకో."

పుష్పవల్లి కూతురు కార్తీకకు తొమ్మిదేళ్ళు. ఆ పిల్ల దానికి తెల్లోడని పేరు పెట్టి, పెరుగన్నం ముద్దలు చేసి నోటికి అందించసాగింది. తెల్లోడు తినడమూ, కూచోవడమూ, ఒళ్ళు చేయడమూ తప్ప వేరే పని పెట్టుకోలేదు.

ఆరో రోజు అవ్వ ఎర్రపెట్ట రెక్కలు వేలాడేసుకుని గూట్లోంచి బయటికి రాలేదు. ఆకుపచ్చగా పారుకుంది, మెడ వెనక్కి మెలిపడింది, సాయంత్రానికి చచ్చిపోయింది. మర్నాడు మూడు పోయాయి. అవ్వ మిరియాలూ చిన్నుల్లిపాయలూ నూరి ఒక్కోదాని నోట్లో పోసింది, ఒళ్ళో పెట్టుకుని కూచుంది. ఆమె చెయ్యి పడితే ఎలాంటి కోడైనా లేచి తిరుగుతుందని వీధిలో పేరు. ఈసారి ఒక్కటీ లేవలేదు. అవ్వ గూడు ఖాళీ అయ్యేలోగా పక్కిళ్ళలో మొదలైంది. అమ్మవారికని పదకొండు ఇళ్ళలో పెరుగుతున్న పదకొండు పుంజులూ వారం తిరక్కుండా నేల కరిచాయి. పొద్దున కూతలతో మోగిపోయే వీధిలో కుళాయి బిందెల చప్పుడు తప్ప ఏమీ మిగల్లేదు.

తెల్లోడు మాత్రం గంప కింద బలుస్తూనే ఉన్నాడు.

పుష్పవల్లికి లారీ బోనుల్లో మెడలు తిప్పుకుంటూ గురగురమన్న కోళ్ళు కళ్ళముందు ఆడాయి. ఎండ దెబ్బకు మెడ మెలిపడుతుందా? పన్నెండో రోజు కొట్టుకు సెలవు పెట్టి, అవ్వ గూట్లో ఆఖరున చచ్చిన నల్లపెట్టను కాగితంలో చుట్టుకుని వేపేరి పశువుల ఆసుపత్రికి పోయింది.

చిన్నవయసు డాక్టరమ్మ కోడిని కోసి చూసి, చేతులు కడుక్కొచ్చి అరవంలో అడిగింది. "ఇది కొక్కెర తెగులు. మీ వీధిలోకి ఈమధ్య ఫారం కోడి ఏదైనా వచ్చిందా?"

"లేదమ్మా."

"కోళ్ళ కొట్టులో పనిచేసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"లేరమ్మా," అంది పుష్పవల్లి. చీర కొంగుతో చేతులు కప్పుకుంది. గోళ్ళ సందుల్లో నిన్నటి పని ఇంకా కనబడుతోంది.

"ఎందుకడిగానంటే, అక్కడ ఒక్కో షెడ్డులో వేల కోళ్ళు ఒకదానికొకటి ఒరుసుకుని పెరుగుతాయి. తెగులు దిగిందంటే షెడ్డంతా పాకిపోతుంది. టీకా వేసిన కోడి తను పడిపోకపోవచ్చు, చూడ్డానికి ఏ జబ్బూ ఉండదు. కానీ దాని రెట్టలో తెగులు ఉంటుంది. మన నాటుకోళ్ళకు టీకాలు ఎవరు వేయిస్తున్నారు? అలాంటిది ఒక్కటి వస్తే చాలు, వీధి మొత్తం ఊడ్చుకుపోతుంది."

పుష్పవల్లి తల ఊపి బయటికి వచ్చి ఆసుపత్రి మెట్ల మీద కూలబడింది. అవ్వ గూటికి దాన్ని మోసుకుపోయింది తనే. రోగం రాదని తన నోటితో చెప్పింది. చెప్పేయాలి, ఇంటికి పోగానే అవ్వకు చెప్పేయాలి అనుకుంది. బస్సులో వ్యాసర్పాడి చేరేదాకా ఆ మాటే వల్లెవేసుకుంది.

వీధి మొగలో దిగేసరికి అందరూ గుడిముందు కూడి ఉన్నారు.

గుడి పెద్ద వరదరాజులు అరుగు మీద కూచున్నాడు. రైల్వేలో మేస్త్రీ చేసి దిగినవాడు, నలుగురిలో మాట పడనివ్వని మనిషి. "ఒక్క వీధిలోనే ఇట్టా తుడిచిపెట్టుకు పోయిందంటే అమ్మోరికి కోపం వచ్చిందనే అర్థం. ఎవురో మొక్కు తప్పినారు. వాళ్ళంతట వాళ్ళు చెప్తే మంచిది," అన్నాడు.

పుష్పవల్లి నోరు తెరవబోయింది. ఆమె కంటే ముందు అవ్వ లేచింది.

"నేను తప్పినా," అంది పాప్పాత్తి. "పోయినేడు మొక్కిన పుంజు పిల్లి ఎత్తుకుపోయిందని మీకు చెప్పినా. అబద్ధం. అమ్ముకున్నా."

"దేనికి అమ్మినావు?"

"నా అవసరానికి."

ఆ అవసరం ఏమిటో ఆ గుంపులో పుష్పవల్లి ఒక్కదానికే తెలుసు. పోయిన ఆడి నెలలో కార్తీకకు టైఫాయిడ్ వచ్చి ఒళ్ళు పేలిపోతుంటే, అవ్వ పుంజును బిర్యానీ కొట్టువాడికిచ్చి మందు సీసాలు తెచ్చింది. "నీకెందుకే, పిల్లను చూసుకో," అంది. ఆ అవ్వ ఇప్పుడు తనది కాని పాపాన్ని నెత్తిన వేసుకుని అంతమందిలో తల దించుకుని నిలబడింది. అయినా పుష్పవల్లి నోరు పెగల్లేదు. పిరికితనం అంటే అదే, దానికి వేరే పేరు వెతకనక్కర్లేదు.

"అయితే ఈ ఏడు అవ్వ కుండ దించకూడదు," అన్నాడు వరదరాజులు. ఆ మాట అనడం అతనికీ కష్టంగానే ఉంది.

పూజారి గోవిందన్‌కు వేరే బెంగ పట్టుకుంది. "పుంజు లేకుండా పండగ ఎట్టా జరిగేది? బయట కొన్నది పనికిరాదు, మన వీధి మెతుకులు తిన్నదే కావాల."

అప్పుడెవరో అన్నారు, పుష్ప ఇంట్లో తెల్లపుంజు ఉండాది గదా, ఫారం కోడైనా తినేది మన మెతుకులే గదా అని. వీధంతా పోయినా దాన్ని అమ్మోరు ముట్టలేదు చూడండి అని ఇంకొకరు. తన కోసం అట్టిపెట్టుకుందని మూడోవారు. చూస్తుండగానే అది మాట కాస్తా నమ్మకమై కూచుంది. ఏ కోడి తెగులు తెచ్చిందో ఆ కోడే దేవుడు మిగిల్చిన కోడి అయింది.

వరదరాజులు పుష్పవల్లి వైపు తిరిగాడు. "కూసిందా?"

తెల్లోడు కూయలేదు. కూస్తాడా లేదా అని ఆమె ఎన్నడూ ఆలోచించనైనా లేదు.

"దాన్ని అమ్మోరు ఒప్పుకునిందంటే కోపం పోయినట్టే," అన్నాడు వరదరాజులు. "అవ్వ కూడా ఎప్పటి మాదిరి కుండ దించొచ్చు. ఒప్పుకోలేదంటే మాత్రం అవ్వ ఇంక ఈ మెట్టు ఎక్కకూడదు. పంపు కాడ మనతో నీళ్ళు పట్టకూడదు. చెప్పమ్మా, కూసిందా?"

"కూసింది," అంది పుష్పవల్లి.

ఆ ఒక్క మాటలో ఆమె తెలివంతా ఉంది. తెల్లోడు తల విదిలిస్తే చాలు. అవ్వ మీద మచ్చ పోతుంది, కుండ ఎప్పటిలా దిగుతుంది, తనేం చేసిందో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఒక కోడి తల ఇటు నుంచి అటు ఊగితే అన్నీ సర్దుకుంటాయి.

పండక్కి తొమ్మిది రోజులుంది. ఆ తొమ్మిది రోజులూ అవ్వ పొద్దున ఒక్క గ్లాసు గంజి తప్ప ముట్టలేదు. అమ్మవారికి అపరాధమట. తెల్లవారగానే అలవాటు కొద్దీ లేచి, గూటి తలుపు తీసి, లోపలికి చూసి, మళ్ళీ వేసేది. ఎదురింట్లోంచి పుష్పవల్లి అది రోజూ చూసేది. మూడుసార్లు చెప్పేద్దామని వీధి దాటింది. ఒకసారి అవ్వ, "పాప తినిందా?" అని అడిగింది. ఇంకోసారి, "నా వల్ల నీ పుంజుకు చావు వచ్చింది చూడు," అని కళ్ళొత్తుకుంది. మూడోసారి పుష్పవల్లి గడప దాకా పోయి వెనక్కి వచ్చేసింది.

ఇంట్లో తలుపు వేసుకుని తెల్లోడి మీద నీళ్ళు చల్లి చూసేది. మొదటి రోజు అది కళ్ళు ఆర్పింది. రెండో రోజూ అంతే. చెంబుతో చల్లింది, చేత్తో చల్లింది, మెడ మీద, రెక్కల మీద. నాటుకోడి మీద నాలుగు చినుకులు పడితే చాలు, ఒళ్ళంతా దులిపేసుకుంటుంది. ఇదేమో నీళ్ళు కారుతుంటే కారనిచ్చి అలా చూస్తూ కూచునేది. గురువారం నాడు మాత్రం మెడ దగ్గర ఈకలు కొంచెం కదిలాయి. పుష్పవల్లి ఆ కదలికనే పట్టుకుని మూడు రోజులు వేలాడింది.

ఆదివారం రానే వచ్చింది. వేపమండలు కట్టారు, పంబలు మోగుతున్నాయి, గుడిముందు ఇంటికొక కుండ చొప్పున అంబలి కుండలు దిగాయి. మొదటి కుండ దిగే చోటు మాత్రం ఖాళీగా వదిలారు. అవ్వ తన కుండను చంకన పెట్టుకుని అందరికీ దూరంగా, వేపచెట్టు చివర నిలబడింది. ఎండ మాడ్చేస్తోంది.

పుష్పవల్లి తెల్లోడిని రెండు చేతులా మోసుకొచ్చింది. మూడు కిలోలు దాటి ఉంటాడు. గోవిందన్ దాన్ని పీఠం ముందు నిలబెట్టబోతే కాళ్ళు విడిపోయి చతికిలబడింది. మళ్ళీ నిలబెట్టాడు, మళ్ళీ కూలబడింది.

"కూచునే ఉండనీ. తల ఊపితే చాలు," అన్నాడు వరదరాజులు.

పంబలు ఆగాయి. గోవిందన్ వేపమండతో పసుపునీళ్ళు చల్లాడు.

తెల్లోడు కదల్లేదు. ముక్కు తెరుచుకుని ఎగరొప్పుతున్నాడు. పుష్పవల్లి మెడ దగ్గరి ఈకలే చూస్తోంది. ఊపరా నాయనా, ఒక్కసారి ఊపు, నిన్ను కోస్తారని తెలిసే అడుగుతున్నా, ఊపు. ఇన్నాళ్ళూ ఎవరినీ అడగనిదాన్ని నిన్ను అడుగుతున్నా.

రెండోసారి చల్లాడు. తెల్లోడు కళ్ళు మూసుకున్నాడు.

మూడోసారి గోవిందన్ చెంబెత్తి నెత్తిన కుమ్మరించాడు. పసుపునీళ్ళు తెల్లటి ఈకల మీంచి కారి నేలలోకి ఇంకిపోయాయి. తెల్లోడు నోరు తెరిచి ఒక చిన్న శబ్దం చేశాడు. అంతే. తల ఊగలేదు.

వరదరాజులు వేపచెట్టు వైపు తిరిగాడు. "అవ్వా, నువ్వు ఇంటికి పో," అన్నాడు.

అవ్వ కుండను చంకన సర్దుకుని వెనుదిరిగింది. తొమ్మిది రోజుల పస్తుకు కాలు తూలింది. కుండలో అంబలి కొంచెం ఒలికి ఆమె చీర మీద పడింది. పుష్పవల్లి ఆ మరక చూసింది. ఇక ఆమె వల్ల కాలేదు.

"అవ్వను పొమ్మనొద్దు. చేసింది నేను," అంది.

అందరూ తిరిగి చూశారు. ఆమె ఆగకుండా చెప్పింది, ఆగితే మళ్ళీ చెప్పలేనని భయం. "ఈ కోడిని కొట్టు కాడినుంచి తెచ్చింది నేను. అవ్వ గూట్లో పెట్టింది నేను. ఇది పడలేదు గానీ తెగులు దీనితోనే వచ్చింది. వేపేరి డాక్టరమ్మ చెప్పింది. అమ్మోరికి ఎవురి మీదా కోపం లేదు. అవ్వ ఏమీ చెయ్యలేదు."

"కూసిందని చెప్తివే," అన్నాడు వరదరాజులు.

"కూయలేదు."

పదకొండు ఇళ్ళవాళ్ళు ఆమెను చూసిన చూపు చెప్పనలవి కాదు. ఒకామె కార్తీక పక్కన నిలబడిన తన బిడ్డను దగ్గరికి లాక్కుంది. గోవిందన్ చెంబు కింద పెట్టి పక్కకు జరిగాడు. ఆ ఖాళీలోకి అవ్వ వచ్చింది. కుండ దించి, మోకాళ్ళ మీద కూచుని, తెల్లోడిని ఒళ్ళోకి తీసుకుంది. మేతసంచి నొక్కింది, కాళ్ళు తడిమింది, తల మీది నెత్తురులేని జుట్టు చూసింది. అది మళ్ళీ ఆ చిన్న శబ్దం చేసింది. అవ్వ దాన్ని చెవి దగ్గర పెట్టుకుంది.

"దీనికి ఎన్ని నెలలే?"

"రెండు దాటింటాయి అవ్వా."

"రెండు నెలల పిల్ల," అంది అవ్వ, అందరికీ వినబడేలా. "గొంతు వినండి. పొదిగిన గంప కింద పిల్లలు అరవవా, అదే గొంతు. ఇంత ఒళ్ళు పెంచినారు గానీ లోపల ఉండేది పిల్ల. దీనికి వానంటే ఏందో తెలుసునా, తల విదిలించేదానికి? పిల్లను తెచ్చి అమ్మోరి ముందర పెట్టినారు. ఆమె ఒప్పుకోలేదంటే ఒప్పుకోదు మరి."

తెల్లోడు ఒళ్ళో కియ్ కియ్‌మన్నాడు. ఈసారి అందరికీ వినబడింది.

పుష్పవల్లికి కూడా వినబడింది. రోజూ పొద్దున లారీ బోనుల్లోంచి వినబడేది ఇదే. నాలుగేళ్ళుగా దాన్ని కోళ్ళ గోల అనుకుంది. ఎనభై, రెండు వందలు. అన్నీ ఈ గొంతే.

అవ్వ తలెత్తి ఆమెను చూసింది. "ఎన్ని దినాలుగా తెలుసు నీకు?"

"తొమ్మిది దినాలు."

"నేను ఆడ లేచి నిలబడినప్పుడు తెలుసునా?"

"తెలుసవ్వా."

"పుంజును దేనికి అమ్మినానో కూడా తెలుసును గదా."

పుష్పవల్లి తల ఊపింది.

వరదరాజులు అరుగు దిగి వచ్చి, అవ్వ కుండను తనే ఎత్తి మొదటి చోట దించాడు. "తప్పు మాది. అంబలి పొయ్యవ్వా," అన్నాడు. అవ్వ గరిటె తీసుకుంది. వరుస కట్టారు. నాలుగేళ్ళ అలవాటు, పుష్పవల్లి చెంబు ముందుకు చాచింది. ఆమె చాచాలనుకోలేదు, చెయ్యి దానంతటది చాచింది. అవ్వ గరిటె నిండా ముంచి, ఆ చెంబు పక్కనుంచి పోనిచ్చి, కార్తీక గ్లాసులో పోసింది. తర్వాత వెనకున్నామెకు పోసింది. పుష్పవల్లి చెంబు చాచుకునే ఉంది. వరుస ఆమెను దాటుకుని పోయింది.

అందరికీ పోసిన తర్వాత అవ్వ తెల్లోడిని కొంగులో వేసుకుని ఇంటికి బయల్దేరింది. పుష్పవల్లి వెంట పోయింది. గడప దగ్గర అవ్వ ఆగింది గానీ వెనక్కి తిరగలేదు.

"గూడు ఖాళీగానే ఉండాది. ఇది నా కాడ ఉంటాది," అంది.

"అవ్వా, నాతో మాట్లాడు. తిట్టు, కొట్టు, ఏదో ఒకటి."

"ఇది కూసిన దినం రా. ఆ దినం మాట్లాడతా. అంతవరకూ నా గడప తొక్కొద్దు."

తలుపు పడింది. అవ్వకు నాటుకోళ్ళు తెలుసు. ఆరు నెలలు మేపితే ఏ పుంజైనా కూస్తుందని ఆమె లెక్క, అది కఠినమైన శిక్షేమీ కాదు. ఫారం కోడి సంగతి తెలిసింది పుష్పవల్లికి. నలభై అయిదు రోజులకు కోయకపోతే గుండె ఆగిపోతుంది. ఇప్పటికే అరవై దాటాయి.

ఆమె పని మానలేదు. మానితే కార్తీకకు తిండి ఎవరు పెడతారు? పొద్దున ఆరింటికి బయల్దేరక తప్పదు, లారీ రాక తప్పదు. కానీ ఇప్పుడు అయిదింటికే లేచి తలుపు వెనక నిలబడుతుంది. ఎదురింట్లో గూటి తలుపు కిర్రుమంటుంది. అవ్వ "బా బా" అని పిలుస్తుంది. తర్వాత కాసేపు ఏమీ వినబడదు. ఆ కాసేపూ పుష్పవల్లి తలుపుకు చెవి ఆనించి ఉంటుంది.

కియ్ కియ్ అని వినబడుతుంది. ఇవాళ్టికి బతికే ఉన్నాడు. ఇవాళ్టికి కూయలేదు. ఆమె చెప్పులేసుకుని కొట్టుకు పోతుంది.